121 మీటర్ల కింద ఒడ్డు

1988లో బార్బడోస్ దీవి దక్షిణ తీరానికి ఎదురుగా ఒక డ్రిల్లింగ్ నౌక సముద్రపు అడుగును తొలుస్తోంది. ఒడ్డు అక్కడికి ఎంతో దూరం లేదు. కానీ ఆ దీవి చుట్టూ నేల చప్పున లోతుకు జారిపోతుంది. కాస్త దూరం జరిగితే చాలు, నౌక కింద వంద మీటర్లకు పైగా నీళ్లుంటాయి. చమురు కోసం వచ్చినవాళ్లు కారు వీళ్లు. గొట్టంలోంచి పైకి తీసిన ప్రతి ముక్కనూ వరస తప్పకుండా పేరుస్తారు, ఏది పైభాగమో ఏది కిందిభాగమో గుర్తు పెడతారు. వచ్చేదంతా తెల్లటి సున్నపు రాయి. కొన్నిచోట్ల చేతిలో నలిగే నుసి, కొన్నిచోట్ల కంకరలాంటి పొడిముక్కలు. ఆ మధ్యలో ఎక్కడో ఒక ముక్క గట్టిగా, తెల్లగా, ఒళ్లంతా సన్నటి గొట్టాలతో, చచ్చిపోయి ఏడాదైనా కానట్టుండే పగడం. అందరి కళ్లూ వెతికేది దాన్నే.

ఆ పనికి పెద్ద రిచర్డ్ ఫెయిర్‌బ్యాంక్స్. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లామాంట్-డోహర్టీ పరిశోధనాలయంలో భూశాస్త్రవేత్త. ఆయన ముందున్న ప్రశ్న ఒక్కటే. మంచు యుగం ముదిరినప్పుడు ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా కిలోమీటర్ల మందం మంచు కింద ఉన్న రోజుల్లో సముద్రం ఎంత దిగువకు పోయింది? ఆ మంచు కరిగినప్పుడు ఎంత వేగంగా తిరిగొచ్చింది?

బార్బడోస్ పేరు మనకు క్రికెట్ వల్లే పరిచయం. ఆ ఆటలో పేరుమోసిన సోబర్స్ ఊరు. 2024 జూన్ 29 రాత్రి తెలుగు ఇళ్లను నిద్రపోనివ్వని టీ20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది ఆ దీవి రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్లోనే. ఆ దీవి చాలా భాగం పగడపు సున్నపురాయి. అక్కడి మనుషులు నడిచేది, ఇళ్లు కట్టుకున్నది, ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవుల ఎముకల గూళ్ల మీద.

సముద్రం తన గుర్తులు తానే చెరిపేసుకుంటుంది

మంచు నేల మీద పేరుకుంటే ఆ నీళ్లు సముద్రం నుంచే రావాలి కాబట్టి సముద్రం తగ్గి తీరాలని మొదట పసిగట్టినవాడు ఒక పత్రికా సంపాదకుడు. స్కాట్లండ్‌లో 'ది స్కాట్స్‌మన్' పత్రికను స్థాపించిన వాళ్లలో ఒకరైన చార్లెస్ మక్లారెన్ 1840ల మొదట్లోనే ఈ మాట రాశాడు. హిమయుగాల సంగతే అప్పుడప్పుడే బయటికి వస్తున్న రోజులవి. అటుపైన దాదాపు నూట యాభై ఏళ్లు ఎంతోమంది ఎన్నో అంకెలు చెప్పారు. ఎవరి అంకెకూ గట్టి సాక్షి దొరకలేదు.

ఎందుకు దొరకలేదో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. సముద్రం తగ్గినప్పుడు ఒడ్డు ఎక్కడుందో చెప్పే గుర్తులు, అంటే ఇసుక దిబ్బలు, గవ్వలు, కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేలలు, తిరిగి పెరిగేటప్పుడు అలల నోట్లో పడతాయి. అల ఒడ్డును కొరుకుతుంది, గవ్వను పగలగొడుతుంది, లోతు నీటి గవ్వను తెచ్చి ఒడ్డున పారేస్తుంది, ఒడ్డు గవ్వను లోతుకు లాక్కుపోతుంది. ఎనభై మీటర్ల లోతున ఒక గవ్వ దొరికిందంటే అది అక్కడ బతికిందని చెప్పలేం. ఎక్కడో చచ్చి అక్కడికి దొర్లుకొచ్చి ఉండవచ్చు.

కాబట్టి శిలాజం దొరకడం పనిలో మొదటి మెట్టు మాత్రమే. ఆ శిలాజం ఎలా నిలిచింది, నిలబడ్డచోటే నిలిచిందా, విరిగిందా, అరిగిందా, దాని ఒంట్లోని పదార్థం పుట్టినప్పటిదేనా, మధ్యలో మారిపోయిందా? సముద్రం చరిత్ర అంతా ఈ ప్రశ్నలకు దొరికే జవాబుల మీదే ఆధారపడి ఉంది. నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ ఇదే. ఎంత పాతది అన్న ప్రశ్నకు జవాబు, ఎంత చక్కగా నిలిచింది అన్న ప్రశ్న తేలాకే వస్తుంది.

దుప్పికొమ్ము పగడం

కరీబియన్ సముద్రంలో అక్రోపొరా పల్మేటా అనే పగడం ఉంది. వెడల్పాటి, చదునైన కొమ్మలు అలలకు ఎదురుగా చాచి, అచ్చం దుప్పి కొమ్ముల్లా ఉంటుంది. దానికి వెలుతురు కావాలి, ఎగిసిపడే అలలు కావాలి. కొమ్మ ఏడాదికి 5 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతుంది, పగడాల్లో ఇది గొప్ప వేగం. అలలు విరిగేచోట, నీటి పై 5 మీటర్లలోనే ఇది దట్టంగా గుంపు కట్టి బతుకుతుంది. అంతకంటే లోతున అక్కడక్కడా ఒకటీ అరా కనిపించవచ్చు గానీ దిబ్బ కట్టదు.

ఇంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది? సముద్రపు అడుగున ఒకచోట ఈ పగడం గుంపుగా, తలెత్తుకుని నిలబడిన భంగిమలోనే శిలాజమై కనిపిస్తే, అది బతికున్న నాడు సముద్రపు పైమట్టం దాని నెత్తికి 5 మీటర్ల లోపే ఉందన్నమాట. ఫెయిర్‌బ్యాంక్స్ అంకెకు తర్వాత చేర్చిన 'అటూ ఇటూ 5 మీటర్లు' అన్న తేడా ఈ జీవి బతుకు తీరు నుంచి వచ్చిందే.

బార్బడోస్‌నే ఎందుకు ఎంచుకున్నట్టు? ఆ దీవికి ముందే ఒక చరిత్ర ఉంది. అట్లాంటిక్ అడుగున ఉన్న ఫలకం కరీబియన్ ఫలకం కిందికి దూరుతూ, పైనున్న మట్టిని మడతలు మడతలుగా ఎత్తిపెడుతోంది. ఆ ఎత్తుడులో పైకొచ్చిందే బార్బడోస్. ఇప్పటికీ లేస్తూనే ఉంది. నేల మెల్లగా లేస్తూ ఉంటే, సముద్రం పైకొచ్చిన ప్రతిసారీ ఒక పగడపు దిబ్బ పెరిగి, సముద్రం వెనక్కి తగ్గాక ఒడ్డున ఎండిపోయి మెట్టులా మిగిలిపోయింది. తీరం నుంచి లోపలికి ఎక్కుతూ పోతే మెట్టు తర్వాత మెట్టు కనిపిస్తాయి.

1960లలో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి రాబ్లీ మాథ్యూస్, ఆయన విద్యార్థి కెనెత్ మెసొలెల్లా ఈ మెట్ల మీద పనిచేశారు. లామాంట్ నుంచి వాలెస్ బ్రోకర్ తదితరులు ఆ పగడాల వయసు తేల్చారు. మూడు మెట్లకు సుమారు 82,000, 105,000, 125,000 ఏళ్లు. భూమి కక్ష్యలోనూ ఇరుసు వంపులోనూ వచ్చే మార్పులే మంచు యుగాలను తెచ్చిపెడతాయని లెక్కలు కట్టిన సెర్బియా గణితజ్ఞుడు మిలుటిన్ మిలాంకోవిచ్ మాటకు ఆ తేదీలు సరిగ్గా సరిపోయాయి. 1968లో ఆ వ్యాసం వచ్చింది. మిలాంకోవిచ్ 1958లోనే పోయాడు. తన లెక్కకు పగడం సాక్ష్యం చెప్పడం ఆయన చూడలేదు.

అయితే మెట్ల మీది పగడాలకు ఒక పెద్ద చిక్కు ఉంది. అవి వేల ఏళ్లుగా వానలో తడుస్తున్నాయి.

వాన తాకిన పగడం

బతికున్న పగడం తన గూడును అరగొనైట్ అనే ఖనిజంతో కడుతుంది. సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు. రసాయనంగా చూస్తే సున్నపురాయే, కాల్షియం కార్బొనేటే. కానీ దాని అమరిక స్థిరమైనది కాదు. ఉప్పు నీటిలో ఉన్నంతకాలం వేల ఏళ్లయినా అలాగే ఉంటుంది. మంచి నీరు, అంటే వాన నీరు తగిలిందంటే మెల్లగా కరిగి, అక్కడికక్కడే కాల్సైట్ అనే మరో రూపంలో గడ్డకడుతుంది. పై నుంచి చూస్తే ఆకారం అదే, గొట్టాలూ గదులూ అవే. లోపల మాత్రం పాత ఖనిజం పోయి కొత్తది వచ్చింది. ఆ మార్పులో యురేనియం బయటికి పోవచ్చు, కొత్తది చేరవచ్చు, నిన్నటి కార్బన్ వచ్చి పాత కార్బన్ పక్కన కూర్చోవచ్చు. అలాంటి పగడాన్ని వయసెంత అని అడిగితే అబద్ధమే చెబుతుంది. చెబుతున్నది అబద్ధమని మనకు తెలియకుండా చెబుతుంది.

ఇక్కడే ఫెయిర్‌బ్యాంక్స్ ఆలోచన పదును తెలుస్తుంది. ఆయన కూడా బ్రౌన్‌లో మాథ్యూస్ దగ్గర చదువుకున్నవాడే, ఈ మెట్ల పగడాలను చేత్తో పట్టి చూసినవాడే. సముద్రం బాగా తగ్గిన కాలపు పగడాలు మెట్ల మీద ఉండవు. అవి ఇప్పుడు నీటి అడుగున ఉండాలి. మంచు యుగం ఉచ్చస్థితి దాటాక సముద్రం ఎగబాకుతూనే వచ్చింది గనక, ఒకసారి మునిగిన పగడం మళ్లీ ఎప్పుడూ గాలికి బయటపడలేదు. దాని మీద ఒక్క వాన చుక్క పడలేదు. మునిగిపోవడమే దాన్ని కాపాడింది.

అలా తొలిచి తీసిన రాతి కడ్డీలు, అంటే కోర్లు, ప్రయోగశాలకు చేరాక జరిగే పని చూడ్డానికి ఏమంత ఆర్భాటంగా ఉండదు. ముక్కను నిలువుగా కోస్తారు. గొట్టాల నోళ్లు ఎటు చూస్తున్నాయో చూస్తారు. పైకి చూస్తుంటే ఆ పగడం పెరిగినచోటే ఉంది. పక్కకో తలకిందులుగానో ఉంటే తుఫానుకు విరిగిపడిన కొమ్మ కావచ్చు. అంచులు నున్నగా అరిగి ఉంటే దొర్లుకొచ్చిందని అనుమానించాలి. చచ్చిపోయాక దాని మీద అంటుకుని పెరిగిన గులాబీరంగు సున్నపు నాచు పొర పైవైపే ఉందా, అన్ని వైపులా చుట్టుకుందా? అన్ని వైపులా ఉంటే అది ఒకప్పుడు దొర్లుతూ ఉన్న రాయి. ఆ తర్వాత చిటికెడు పొడి తీసి ఎక్స్ కిరణాల కింద పెడతారు. అరగొనైట్‌కు ఒక చోట, కాల్సైట్‌కు మరో చోట గీత లేస్తుంది. కాల్సైట్ గీత లేచిందా, ఆ ముక్క సాక్ష్యానికి పనికిరాదు.

లోతైన ఆ కోర్లలో ఆర్‌జీఎఫ్-9 అని పేరున్నదొకటి ఉంది. మంచు యుగం ముదురు కాలపు పగడాలు దొరికింది అందులోనే. అంత లోతున ఈరోజు ఏ దుప్పికొమ్ము పగడమూ బతకదు. దానికి చాలినంత వెలుతురు ఉండదు, అలల కదలికే ఉండదు. అలాంటి చోట అలల్లో మాత్రమే బతికే జీవి, తన సొంత ఖనిజం చెక్కుచెదరకుండా, ఉన్నచోటే ఉంది.

ఇక మిగిలింది దీవి లేచిన లెక్క. 125,000 ఏళ్ల కిందటి సముద్రం ఇప్పటికంటే కొన్ని మీటర్లే ఎత్తు. ఆనాటి దిబ్బ రాండెవూ హిల్ మెట్టు మీద ఇప్పుడు ఎంత ఎత్తున ఉందో కొలిస్తే, దీవి వెయ్యేళ్లకు సుమారు 34 సెంటీమీటర్ల చొప్పున లేస్తోందని తేలింది. అంటే 20,000 ఏళ్లలో ఏడు మీటర్లకు దగ్గర. పగడం దొరికిన లోతుకు అది కలపాలి. అంతా కలిపి 1989 డిసెంబరులో 'నేచర్' పత్రికలో ఫెయిర్‌బ్యాంక్స్ అచ్చు వేసిన అంకె: మంచు యుగం ఉచ్చస్థితిలో సముద్రం ఇప్పటికంటే 121 మీటర్లు, అటూ ఇటూ 5 మీటర్లు, దిగువన ఉండేది. లెక్క వేసి చూస్తే నాలుగు కోట్ల ఘన కిలోమీటర్లకు పైగా నీరు ఆనాడు సముద్రంలో లేదు. నేల మీద మంచుగా కూర్చుని ఉంది.

రెండు గడియారాలు

ఆ వ్యాసంలోని తేదీలు రేడియోకార్బన్ తేదీలు, అంటే జీవి చచ్చాక దాని ఒంట్లో తరిగిపోతూ వచ్చే కార్బన్‌ను కొలిచి కట్టినవి. అప్పట్లో అందరూ వాడుతున్న గడియారం అదే. కానీ ఆ గడియారం సరిగ్గా నడుస్తోందా అన్న అనుమానం చాలామందికి ఉంది. గాలిలో రేడియోకార్బన్ ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. భూమి అయస్కాంత క్షేత్రం బలహీనపడినప్పుడు విశ్వకిరణాలు ఎక్కువగా వచ్చి ఎక్కువ రేడియోకార్బన్ పుట్టిస్తాయి. అలాంటి కాలంలో బతికిన జీవి ఒంట్లో అది ఎక్కువగా చేరి, అసలు వయసు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. చెట్ల వలయాలతో సరిచూసుకుంటూ వెనక్కి పోవచ్చు. కానీ ఆ వలయాల వరస అప్పటికి పది వేల ఏళ్ల దరిదాపుల్లోనే ఆగిపోయింది. అంతకు ముందు కాలానికి రేడియోకార్బన్‌ను తనిఖీ చేసేవాళ్లే లేరు.

లామాంట్‌లో ఎడ్వార్ బార్డ్ అనే యువ ఫ్రెంచి శాస్త్రవేత్త, బ్రూనో హామెలాన్, అలన్ జిండ్లర్‌లు ఫెయిర్‌బ్యాంక్స్‌తో కలిసి అవే పగడాలను రెండో గడియారానికి అప్పగించారు. సముద్రపు నీటిలో యురేనియం కరిగి ఉంటుంది. పగడం గూడు కట్టుకునేటప్పుడు దాన్ని కూడా కలుపుకుంటుంది. థోరియం నీటిలో కరగదు గనక పుట్టినప్పుడు పగడంలో దాదాపుగా ఉండదు. కాలం గడిచేకొద్దీ యురేనియం-234 క్షీణించి థోరియం-230గా మారుతుంది. మూత బిగించిన సీసాలా ఆ పగడంలోకి ఏదీ రాక, ఏదీ పోక ఉంటే, పుట్టిన థోరియం ఎంతో కొలిస్తే గడిచిన కాలం ఎంతో తెలుస్తుంది. 1987లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లారెన్స్ ఎడ్వర్డ్స్, జేమ్స్ చెన్, జెరాల్డ్ వాసర్‌బర్గ్‌లు మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఈ కొలతను అంతకు ముందెన్నడూ లేనంత నిక్కచ్చిగా మార్చారు.

ఈ పద్ధతిలో నన్ను కట్టిపడేసే విషయం ఇంకొకటి ఉంది. పగడం నిజం చెబుతోందో లేదో పగడమే చూపిస్తుంది. సముద్రపు నీటిలో యురేనియం-234 కి, 238 కి మధ్య ఉండే నిష్పత్తి మనకు తెలుసు. పగడం వయసు తేలాక, అది పుట్టిననాడు ఆ నిష్పత్తి ఎంత ఉండి ఉండాలో వెనక్కి లెక్కకట్టవచ్చు. అది సముద్రపు నిష్పత్తితో కలిస్తే మూత బిగువుగానే ఉంది. కలవకపోతే మధ్యలో ఎక్కడో ఏదో కారింది, ఆ తేదీ చెల్లదు.

1990లో ఫలితం వచ్చింది. 9,000 ఏళ్ల వరకు యురేనియం-థోరియం తేదీలు చెట్ల వలయాలతో చక్కగా కలిశాయి. అక్కడి నుంచి వెనక్కి పోయేకొద్దీ రేడియోకార్బన్ వెనకబడుతూ వచ్చింది. 20,000 ఏళ్ల దగ్గరికి చేరేసరికి తేడా దాదాపు 3,500 ఏళ్లు! అప్పటిదాకా పాఠ్యపుస్తకాల్లో 18,000 ఏళ్ల కిందటిదని చదువుకున్న మంచు యుగం ఉచ్చస్థితి 21,000 ఏళ్ల ప్రాంతానికి జరిగింది. జరిగింది సముద్రం ఒక్కటే కాదు. రేడియోకార్బన్‌తో ఆ కాలానికి తేదీ కట్టిన ప్రతి పొయ్యి బూడిదా, ప్రతి ఎముకా, ప్రతి బొగ్గుముక్కా తేదీ మార్చుకోవాల్సి వచ్చింది. వాన తగలని కొన్ని పగడపు ముక్కలు మనిషి పూర్వచరిత్రకే గడియారం సరిచేశాయి.

దిబ్బ మునిగిన రోజులు

కోర్లను లోతు ప్రకారం, వయసు ప్రకారం గీతలో పెడితే అది నున్నటి వంపుగా రాలేదు. ఒక దిబ్బ కొంతకాలం పెరిగింది, చటుక్కున ఆగిపోయింది. తర్వాతి దిబ్బ దానికి కొనసాగింపుగా కాకుండా చాలా పైన, ఒడ్డు వైపు మొదలైంది.

ఆనాటి బార్బడోస్ తీరాన్ని ఊహించుకోవచ్చు. అలలు విరిగేచోట దుప్పికొమ్ముల అడవి. మంచు కరుగుతోంది, సముద్రం ఏటా పెరుగుతోంది, పగడం కూడా దానితో పోటీ పడి పైకి పెరుగుతోంది. వేల ఏళ్లు ఆ పోటీ సాగింది. తర్వాత ఏటా పెరిగే నీరు పగడానికి అందనంత అయింది. దిబ్బ నెత్తి మీద నీరు మనిషి లోతైంది, ఇంటి లోతైంది. అలల తాకిడి తగ్గింది, వెలుతురు మసకబారింది. కొమ్మలు పలచబడ్డాయి. లోతు నీటిని తట్టుకునే వేరే జాతులు వాటి మీదికి పాకాయి. ఎగువన కొత్తగా మునిగిన రాళ్ల మీద పగడపు లార్వాలు వాలి మరో అడవి మొదలుపెట్టాయి. కింది దిబ్బ అలాగే చీకట్లో మిగిలిపోయింది. మనకు దొరికింది అదే.

దిబ్బను ముంచిన ఆ పెరుగుదలను ఉప్పెన అనవచ్చు. ఫెయిర్‌బ్యాంక్స్ తొలి లెక్కలో అది 1,000 ఏళ్లలోపే సుమారు 24 మీటర్లు. తర్వాత పసిఫిక్‌లో తాహితీ దీవి దగ్గర 2005లో తీసిన కోర్ల నుంచి పియెర్ డెషాం, బార్డ్ బృందం 2012లో ఇంకా నికరమైన లెక్క ఇచ్చింది. 14,650 ఏళ్ల కిందట మొదలై 350 ఏళ్ల లోపే ముగిసింది, పెరిగింది 14 నుంచి 18 మీటర్లు. ఏడాదికి 4 సెంటీమీటర్లు లేదా అంతకు మించి. ఉపగ్రహాలు కొలవడం మొదలెట్టిన 1993 నుంచి చూస్తే సగటు పెరుగుదల ఏడాదికి 3 మిల్లీమీటర్లు దాటింది. ఆ కాలంలో తీరాన పుట్టి అరవై ఏళ్లు బతికిన మనిషి తన జీవితంలో సముద్రం రెండు మీటర్లకు పైగా లేవడం చూశాడు. చదునైన తీరంలో అంటే తాను పుట్టిన చోటు, తాత పుట్టిన చోటు, వేటాడిన అడవి అన్నీ నీటి కింద.

మన తీరం కూడా ఆ కథలోదే. సముద్రం 121 మీటర్లు తగ్గినప్పుడు విశాఖ, కాకినాడల ఎదుట ఇప్పుడు పడవలు తిరిగే ఖండతీరపు అంచంతా ఎండిన నేల. గోదావరి ఆ నేల మీదుగా ఇంకా ముందుకు పారి ఎక్కడో అవతల కలిసేది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల ఇసుక అలా బయటపడ్డ సముద్రపు అడుగు నుంచి గాలి మోసుకొచ్చిందని భూశాస్త్రవేత్తలు చెబుతారు. ప్రపంచంలోని పెద్ద డెల్టాలు 8,500 నుంచి 6,500 ఏళ్ల కిందట, సముద్రపు పెరుగుదల నెమ్మదించాకే మొదలయ్యాయని డేనియల్ స్టాన్లీ, ఆండ్రూ వార్న్ 1994లో చూపించారు. అంతకు ముందు నది తెచ్చిన ఒండ్రు నిలబడే లోపే సముద్రం ముంచేసేది. కోనసీమ కొబ్బరితోటల కింది నేల ఆ తర్వాతిది. కొల్లేరు ఒకప్పుడు సముద్రాన్ని ఆనుకున్న ఉప్పునీటి కయ్య, కృష్ణా గోదావరి డెల్టాలు రెండు పక్కలా ముందుకు జరిగాక లోపల చిక్కుకుపోయింది. ఇప్పుడు మనం స్థిరమని అనుకునే ఒడ్డు వయసు ఇంతే. ఆ ఒడ్డు మీద ఇప్పుడు లక్షలమంది బతుకుతున్నారు. ఏడాదికి 3 మిల్లీమీటర్లు అంటే చిన్న అంకెలా ఉంటుంది గానీ, ఉప్పాడ దగ్గర ఇళ్లు కోతకు గురవుతున్నవాళ్లకు అది చిన్నది కాదు. కోతకు వేరే కారణాలు కూడా ఉన్నాయి, నిజమే. పైకొచ్చే నీరు వాటన్నిటికీ తోడవుతుంది.

ఇంకా తేలనివి

బార్బడోస్ కోర్లు రెండో ఉప్పెనను కూడా చూపించాయి. 11,000 ఏళ్లు దాటిన కాలంలో. తాహితీ కోర్లలో బార్డ్ బృందానికి అది కనిపించలేదు. 2010లో ఆ సంగతి అచ్చయింది. 2016లో బార్బడోస్ పగడాలను మళ్లీ పరీక్షించినవాళ్లు ఉందనే అన్నారు. మొదటి ఉప్పెనకు నీరు ఎక్కడిదన్న ప్రశ్న మీద కూడా వాదం నడుస్తోంది. కొందరు అంటార్కిటికా వాటా పెద్దదంటారు, కొందరు ఉత్తర అమెరికా, ఐరోపా మంచు పలకలవే అంటారు. ఈ వాదం పండితుల కాలక్షేపం కాదు. అంటార్కిటికా మంచు ఒకప్పుడు అంత వేగంగా కూలిందా లేదా అన్నది, అది రేపు ఎలా నడుచుకుంటుందో చెప్పే వాళ్లకు తప్పనిసరిగా కావాలి.

2010లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ అంచున మరో బృందం కోర్లు తీసింది. మంచు యుగపు అట్టడుగు మట్టం 125 నుంచి 130 మీటర్లని 2018లో యుసుకె యొకొయామా తదితరులు చెప్పారు. మంచు బరువుకు నేల కుంగడం, కరిగాక లేవడం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్క దీవి అంకె ప్రపంచానికంతటికీ చాలదు. ఎన్ని చోట్ల పగడాలు దొరికితే అంత మేలు.

బతికున్న దుప్పికొమ్ము పగడం మాత్రం ఇప్పుడు కష్టంలో ఉంది. 1970ల చివర్లో తెల్లపట్టీ జబ్బు కరీబియన్ అంతటా పాకి ఈ పగడాల్ని మూకుమ్మడిగా చంపేసింది. 2006లో అమెరికా దీన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. 2023 వేసవిలో సముద్రం వేడెక్కినప్పుడు ఫ్లోరిడా తీరంలో మిగిలినవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇది ఎంత లోతున బతుకుతుంది, ఎంత వేగంగా పెరుగుతుంది, ఏ దెబ్బకు చస్తుంది అన్నది బతికున్న దిబ్బలను చూసి నేర్చుకున్నదే. శిలాజాన్ని చదవడం నేర్పిన జీవి కళ్లముందే పోతుంటే నిజంగా బాధేస్తుంది.

2023 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా హవాయి దగ్గర మరో అంతర్జాతీయ బృందం మునిగిన దిబ్బలను తొలిచింది. హవాయి పెద్ద దీవి బార్బడోస్‌కు సరిగ్గా ఎదురు. అది లేవదు, తన అగ్నిపర్వతాల బరువుకు ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు కుంగుతోంది. అందుకే అక్కడ దిబ్బ మీద దిబ్బ మునిగి, కొన్ని లక్షల ఏళ్ల వరస నీటి అడుగున పేరుకుని ఉంది. ఆ కోర్లను 2024 ఫిబ్రవరిలో జర్మనీలోని బ్రెమెన్‌లో నిలువుగా కోసి తెరిచారు. తేదీలు రావడం ఆ తర్వాతి మాట. అంతకు ముందు ప్రతి ముక్కనూ, అరగొనైటా కాల్సైటా అని, పైకి చూస్తోందా పక్కకు పడిందా అని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి.